“మేమే ఓడిపోయాం, వాళ్ళు గెలవలేదు” అంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు జిల్లా. పదహారేళ్ళుగా టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్. పోయిన శుక్రవారం డిస్ట్రిక్ట్‌లో (అంటే మావాళ్ళతో ఒకే గుంపులో ఆడే స్కూళ్ళ మధ్య) ముఖ్యమైన మ్యాచ్ 24–20తో ఓడిపోయారు. అవతలివాళ్ళకన్నా మావాళ్ళే ఎక్కువ యార్డులు సాధించారు. కానీ నాలుగుసార్లు బంతి పోగొట్టుకున్నారు, పైగా పదకొండు పెనాల్టీలు. ఆ నాలుగింటిలో రెండు మావాడివే. మొదటిసారి ఎవరో గుద్ది బంతి ఊడగొట్టారు. రెండోది ఆఖరి క్వార్టర్‌లో, టచ్‌డౌన్‌కి ఎనిమిది యార్డులు ఉందనగా, ఎవరూ తగలకుండానే చేతిలోంచి జారిపోయింది.

అప్పట్నుంచి సరిగ్గా తినడు. రాత్రి రెండింటి దాకా ఆ మ్యాచ్ వీడియోనే చూస్తుంటాడు. “మేమే ఓడిపోయాం, వాళ్ళు గెలవలేదు. ప్లేఆఫ్స్‌లో మళ్ళీ తగులుతారుగా, అప్పుడు చెప్తాం” అంటాడు. జట్టు మొత్తానిదీ అదే మాట. మధ్యలో ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి, వాటి ఊసే లేదు. మావారు ఆ రాత్రి కారులో “బంతి గట్టిగా పట్టుకోవడం కూడా రాదా” అన్నారు. తండ్రీకొడుకులకి ఇప్పటికీ మాటల్లేవు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారేమో ఆ ఆట మాన్పించెయ్యమంటున్నారు. మళ్ళీ ఆడి గెలుస్తామన్న ఆశ వాణ్ని పెట్టుకోనివ్వాలా? అది జరక్కపోతే ఇంకా కుంగిపోతాడేమోనని నా భయం. — ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీరు అడిగింది ఆశ గురించి. కానీ నాకు మీ ఉత్తరంలో ముందు కనబడింది కారు. దాని సంగతి చెప్పాక మిగతావి చెప్తాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 28 ఏళ్ళు పీఈటీగా చేశాను. ఒకసారి జోనల్ పోటీల్లో మా కబడ్డీ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళింది. మా రైడర్ తొమ్మిదో తరగతి కుర్రాడు, చిరుతలా ఉండేవాడు. ఆ రోజు ఎవర్నీ తాకకుండానే లాబీలో, అంటే కోర్టు పక్కనుండే పట్టీలో, కాలు పెట్టి అవుటయ్యాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు ఆర్టీసీ బస్సులో అందరి ముందూ వాణ్ని దులిపేశాను. వాడు ఒక్క మాటా అనలేదు. కిటికీ వైపు తిరిగి, మోకాలి మీద ఎండిపోయిన మట్టిని గోటితో గీకుతూ కూర్చున్నాడు. సోమవారం గ్రౌండ్‌కి రాలేదు. వారం చూసి ఇంటికి వెళ్తే, “ఇంక ఆడనంటున్నాడండీ” అంది వాళ్ళమ్మ. మళ్ళీ ఆడలేదు. లాబీలో కాలు పెట్టే అలవాటు మాన్పించడం పెద్ద పనేం కాదు. సున్నం గీత గీసి రెండు సాయంత్రాలు కూర్చుంటే అయిపోయేది. ఆ రెండు సాయంత్రాలు నాకు దక్కలేదు, నా నోటి వల్లే.

అందుకని మీవారికి నా మాటగా చెప్పండి. కొడుకు గదిలోకి తనే వెళ్ళాలి. “ఆ రోజు కారులో నేనలా అనకుండా ఉండాల్సింది నాన్నా” అని ఒక్క మాట అని బయటికి వచ్చెయ్యాలి. ఆ తర్వాత “కానీ” అని ఇంకో వాక్యం మొదలెట్టకూడదు. వాడు జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. రేపో ఎల్లుండో తనే మాట్లాడతాడు. ఇక ముందు ఏ మ్యాచ్ అయిపోయినా, గెలిచినా ఓడినా, ఇంటికి చేరేదాకా ఆట గురించి పెద్దవాళ్ళు మాట ఎత్తకూడదని మీరిద్దరూ నియమం పెట్టుకోండి. “ఆకలేస్తోందా” అని అడగండి చాలు.

మీ అబ్బాయి ఆడే ఆట నేను అరవై దాటాకే చూశాను. మా అమ్మాయివాళ్ళు ఉండేది కూడా టెక్సాస్‌లోనే. మనవడు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు, వాడి కోసమని వెళ్ళి ఆటలో పడ్డాను. రెండు సీజన్ల పాటు శుక్రవారం రాత్రుళ్ళు ఆ అల్యూమినియం బెంచీల మీద కూర్చున్నాను. పక్కన కూర్చునే ఒక ఆటగాడి తండ్రి ఓపిగ్గా అన్నీ విడమర్చి చెప్పేవాడు. మన దేశంలో ఉండి ఇది చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు: పేరు ఫుట్‌బాలే అయినా ఇది ఎక్కువగా కాలితో ఆడే ఆట కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో, రెండు పక్కలా మొనతో ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకి వెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. అలా బంతిని అవతలి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. రన్నింగ్ బ్యాక్ అంటే బంతి చంకలో పెట్టుకుని ఆ మనుషుల గోడలోకి దూరేవాడు. బంతి చేజారితే దాన్ని ఫంబుల్ అంటారు. అవతలివాళ్ళు దాని మీద పడితే బంతి వాళ్ళదైపోతుంది.

ఇప్పుడు “మేమే ఓడిపోయాం, వాళ్ళు గెలవలేదు” అన్న మాట దగ్గరికొద్దాం. ఓడిన ప్రతి జట్టూ ఈ మాట అనడం నేను విన్నాను, మా పిల్లలూ అనేవాళ్ళు. అందులో సగం నిజం ఉంది. ఆ సగమే వాళ్ళని మోసం చేస్తుంది.

తప్పుల్లో రెండు రకాలుంటాయి. ఒకటి, ఎవరి ప్రమేయమూ లేకుండా మనంతట మనం చేసేది. మా కుర్రాడు లాబీలో పెట్టిన కాలు అలాంటిది. మీవాళ్ళ ఆటలో అయితే ఫాల్స్ స్టార్ట్: బంతి కదలకముందే లైన్‌లో ఒకడు కదిలిపోతాడు, ఐదు యార్డులు వెనక్కి. రెండో రకం, అవతలివాడు మనచేత చేయించేది. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మీదికి ఇద్దరు దూసుకొస్తుంటే కంగారులో విసిరిన బంతి అవతలివాళ్ళ చేతిలో పడిందనుకోండి, దాన్ని మనవాడి తప్పుగా మాత్రమే రాసుకుంటే ఆ ఇద్దరి కష్టాన్ని లెక్కలోంచి కొట్టేసినట్టే. మీరే రాశారు చూడండి, మొదటి ఫంబుల్‌లో ఎవరో గుద్ది ఊడగొట్టారని. బంతి పట్టుకున్నవాణ్ని ఒకడు పడదోస్తుంటే ఇంకొకడు పిడికిలితో బంతిని గుద్దడం అక్కడ డిఫెన్స్‌కి పనిగట్టుకుని నేర్పే విద్య. ఆ పిల్లలు దాన్ని వారమంతా సాధన చేసి వచ్చి ఉంటారు. అంటే ఆ ఫంబుల్ వాళ్ళు గెలుచుకున్నది. రెండోది మాత్రం మీవాడు ఇచ్చింది.

అందుకే ఆ రాత్రి వీడియోలు పనికొస్తాయి. వాటిని మీరు లాక్కోవద్దు. ఎలా చూడాలో చెప్పండి. ఇప్పుడు వాడు చూస్తున్నది ఒకే ఐదు సెకన్లు అయ్యుంటుంది, ఆ ఎనిమిది యార్డుల ముక్క, వందసార్లు. అలా చూస్తే నేర్చుకునేదేం ఉండదు, ఒళ్ళు చచ్చుబడటం తప్ప. ఆదివారం మధ్యాహ్నం, భోజనం అయ్యాక, ఒక నోట్‌బుక్ తీసుకుని మొదటి క్వార్టర్ నుంచి ఒక్కసారి చూడమనండి. పేజీ మధ్యలో గీత కొట్టి, నాలుగు టర్నోవర్లూ (బంతి పోగొట్టుకున్నవి) పదకొండు పెనాల్టీలూ ఏ పక్కకి వస్తాయో రాయమనండి: మేం ఇచ్చినవి, వాళ్ళు తీసుకున్నవి. పక్కన క్వార్టర్ కూడా వెయ్యమనండి. కోచ్‌లు ఈ పని ఎప్పుడో చేసి ఉంటారు. అయినా పిల్లవాడు తన చేత్తో రాసుకుంటే వేరే.

ఆ పేజీ పూర్తయ్యాక ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, ఒక సంగతి ఊహించగలను. ఇచ్చిన తప్పుల్లో ఎక్కువ భాగం రెండో సగంలో, ఒళ్ళు అలిసిపోయాక వచ్చి ఉంటాయి. ఆటలన్నిటిలో నేను చూసింది ఇదే. కాళ్ళకన్నా ముందు శ్రద్ధ అలిసిపోతుంది.

ఇక మీవాడి చేతుల గురించి. ఇది మీవారు కూడా చదవాలి, ఎందుకంటే “గట్టిగా” పట్టుకోవడం ఒక్కటే కాదు విషయం. బంతి ముందు మొన మీద చూపుడు వేలూ మధ్య వేలూ విడదీసి కొక్కెంలా వేయాలి. వెనక మొన మోచేతి మడతలో ఇరుక్కోవాలి. ముంజేయి బంతిని కప్పాలి, బంతి రొమ్ముకి అదుముకుని ఉండాలి. మణికట్టు మోచేతికన్నా పైనుండాలి. మణికట్టు కిందికి జారిందా, వెనక మొన బయటికి వస్తుంది, ఇక ఎవరూ ముట్టుకోకపోయినా ఊడుతుంది. అలిసిపోయినప్పుడు జరిగేది ఇదే. పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగితే హాయిగా ఉంటుంది మరి. పైగా ఎదురుగా ఎనిమిది యార్డులే, ఖాళీగా కనబడుతున్నాయి. వాడి కళ్ళు వాడికన్నా ముందే గీత దాటేసి ఉంటాయి.

ఇది పెద్దవాళ్ళకీ జరిగిందే. న్యూయార్క్ జెయింట్స్ జట్టులో టికీ బార్బర్ అని గొప్ప రన్నింగ్ బ్యాక్ ఉండేవాడు. 2003 సీజన్‌లో తొమ్మిదిసార్లు బంతి వదిలేశాడు. ప్రతి ఆదివారం తిట్లే. 2004లో టామ్ కాఫ్లిన్ కోచ్‌గా వచ్చాక, బంతిని నిలువుగా, రొమ్ము మీద పైకి పట్టుకోవడం మళ్ళీ మొదట్నుంచి నేర్పించారు. అప్పటికి అతను ఏడేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడినవాడు. అయినా చిన్నపిల్లాడిలా నేర్చుకున్నాడు. 2005లో సీజన్ మొత్తానికి ఒక్కసారే జారింది. పరుగు తగ్గిందా అంటే, అదే సీజన్‌లో 1800 యార్డులకి పైగా పరిగెత్తాడు. మీవాడికి ఈ కథ చెప్పండి. తన చేతులకి శాపమేం తగల్లేదని తెలుస్తుంది.

మళ్ళీ తలపడటం గురించి ఇప్పుడు చెప్తాను. ఆశ పెట్టుకోనివ్వండి. పదహారేళ్ళవాడికి మళ్ళీ ఆడాలనిపించడం ఆరోగ్యం. “ఇంక ఆడను” అంటేనే నేను భయపడేవాణ్ని. కానీ ఆ ఆశకి దారి ఎలా ఉందో వాడికి కనబడాలి. టెక్సాస్‌లో పెద్ద స్కూళ్ళ పోటీల్లో డిస్ట్రిక్ట్ నుంచి మొదటి నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. మొదటి రౌండ్‌లో పక్క డిస్ట్రిక్ట్ జట్టుతో ఆడాలి. సొంత డిస్ట్రిక్ట్ జట్టు మళ్ళీ ఎదురవ్వాలంటే ఇద్దరూ ఒకే డివిజన్‌లో (స్కూలు సైజుని బట్టి చేసే విభాగంలో) ఉండాలి, ఇద్దరూ గెలుస్తూ రావాలి. మధ్యలో ఎవరు ఓడినా ఆ కథ అక్కడికే ఆగిపోతుంది. అంటే వాళ్ళని మళ్ళీ చూడాలంటే ముందు ఈ మిగిలిన రెండు మ్యాచ్‌లు, ఆ తర్వాత ఎవరో తెలియని ఇంకొన్ని జట్లు. ఆ పేర్లు ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోమనండి. పై శుక్రవారం ఆడబోయే జట్టు పేరు అన్నిటికన్నా పైన. ఆ పేరు పలకనివాడికి రెండో పేరు దక్కదు.

జరగదేమో అని ముందే నీళ్ళు చల్లకండి. జరుగుతుంది, జరిగింది. 2011 నవంబర్‌లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అలబామా జట్టు ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో, సొంత గడ్డ మీద, ఓవర్‌టైమ్‌లో 9–6తో ఓడింది. ఆ మ్యాచ్‌లో అలబామా నాలుగు ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్యనుంచి పంపడం, ఒక్కోదానికి మూడు పాయింట్లు) మిస్సయింది. ఒక్కటి పడినా కథ వేరుగా ఉండేది. రెండు నెలల తర్వాత, 2012 జనవరిలో, జాతీయ ఛాంపియన్‌షిప్‌లో మళ్ళీ వాళ్ళే ఎదురయ్యారు. అలబామా 21–0తో గెలిచింది. ఆ 21లో 15 పాయింట్లు ఐదు ఫీల్డ్ గోల్స్ ద్వారానే వచ్చాయి. ఏ పని చెడగొట్టిందో ఆ పనితోనే గెలిచారు.

దీనికన్నా నా మనసుకి దగ్గరైన కథ ఇంకోటుంది. అది మన ఫుట్‌బాల్, కాలితో ఆడేది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు మొదట్లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయింది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి స్కూలు టీచరు, అందుకే ఆయన పేరు వింటే మా పీఈటీలందరికీ ఛాతీ ఉప్పొంగుతుంది. ఆ ఓటమి తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌ల మీద గెలిచారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని వెనక ఆడించకుండా ముందుకి, ఫార్వర్డ్‌గా మార్చారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంని 3–2తో దాటారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో ఎదురుగా మళ్ళీ కొరియానే. స్టేడియం నిండా మనవాళ్ళని గేలి చేస్తున్న జనం. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1తో బంగారు పతకం. ఆ జట్టులో మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటేడు జూన్‌లో కన్నుమూశారు.

మీవాడికి ఈ కథలో చూపించాల్సింది ఫైనల్ కాదు. మధ్యలో ఉన్న మూడు మ్యాచ్‌లు. కొరియా, కొరియా అని జపం చేస్తూ కూర్చుంటే థాయ్‌లాండ్ దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఇంకోటి, రహీం సాబ్ ఉన్నదాన్ని ఉన్నట్టు మళ్ళీ దింపలేదు, మార్చి దింపారు.

తల కుట్లతో ఆడటం మాత్రం ఇప్పటి పిల్లలకి ఆదర్శం కాదు, అది స్పష్టంగా చెప్పాలి. మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. ఆ ఆటలో తలకి దెబ్బలు తగులుతాయి. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని అనుమానం వస్తే పిల్లవాణ్ని ఆ రోజే ఆటలోంచి తీసెయ్యాలని, డాక్టర్ రాసిస్తేనే మళ్ళీ దించాలని టెక్సాస్‌లో చట్టం ఉంది. మీవాడు రాత్రుళ్ళు నిద్రపోకపోవడం, తినకపోవడం ఓటమి బాధ వల్లే అని మీరు అనుకుంటున్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. అయినా ఆ మ్యాచ్‌లో తలకి గట్టిగా ఏమైనా తగిలిందా, తలనొప్పి గానీ, వెలుతురు చూస్తే చికాకు గానీ ఉన్నాయా అని ఈ రోజే అడగండి. ఉన్నాయంటే ఆలస్యం చెయ్యకుండా స్కూల్లో అథ్లెటిక్ ట్రైనర్‌కి చెప్పి, డాక్టర్‌కి చూపించండి. ఏమీ లేకపోతే మనసు కుదుటపడుతుంది. మూడు వారాలైనా తిండీ నిద్రా దారిలో పడకపోతే మాత్రం నా లాంటివాడి ఉత్తరం చాలదు, స్కూల్ కౌన్సెలర్‌ని కలవండి.

ఫోన్ రాత్రి పదింటికి హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలి, మీ ముగ్గురి ఫోన్లూ. ఐప్యాడ్ కూడా. ఆ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. రెండింటి దాకా మేల్కొన్న రన్నింగ్ బ్యాక్ ఆఖరి క్వార్టర్‌లో మణికట్టు పైకెత్తి ఉంచలేడని చెప్పండి. నిద్ర గురించి మీరు చెప్తే వినడు, బంతి గురించి అయితే వింటాడు. చదువు విషయంలో మీవారికి బెంగ ఉంటే, టెక్సాస్‌లో ఒక నిబంధన ఉందిగా: గ్రేడ్లు వేసే సమయానికి ఏ సబ్జెక్ట్‌లోనైనా డెబ్బైకి తగ్గితే సాధారణంగా కనీసం మూడు వారాలు ఆడనివ్వరు. వాడికి ప్లేఆఫ్స్ కావాలంటే కెమిస్ట్రీ పుస్తకం తనే తీస్తాడు.

మాన్పించడం గురించి మీ అత్తగారితో వాదించకండి. ఆవిడకి ఒక పని అప్పజెప్పండి. ఫంబుల్ అలవాటున్న పిల్లలకి అక్కడి కోచ్‌లు చేయించేది ఒకటుంది: ఎక్కడికెళ్ళినా బంతి చంకలోనే ఉండాలి, ఎవరైనా ఎప్పుడైనా దాన్ని లాగెయ్యొచ్చు. ఇంట్లో బంతి ఉండే ఉంటుంది. ఈ రెండు వారాలు వాడు మెట్లు దిగినా, ఫ్రిజ్ తీసినా, సోఫాలో వాలినా బంతి పట్టుకునే ఉండాలి. అజాగ్రత్తగా ఉన్నాడనిపించినప్పుడు నాయనమ్మగారు వెనకనుంచి వచ్చి ఒక్క చరుపు చరచాలి. మొదటి రెండు రోజులు బంతి వంటింట్లో దొర్లుతూనే ఉంటుంది. ఎన్నోరోజుకి ఆవిడ ఓడిపోయారో నాకు రాయండి.